సున్నా దాకా దించాలా, వద్దా?

వార్షికోత్సవ సంచిక అనగానే అమ్మ మీద ఒక కవిత, అంబేడ్కర్ గారి మీద ఒక వ్యాసం, వరకట్నం మీద ఒక కథ తప్పకుండా ఉంటాయి. ఈ సంచికలోనూ ఉన్నాయి. వాటిలో రెండు మా గది వాళ్లు రాసినవే. మేము మాత్రం బ్యాటరీ మీద రాస్తామని చెబితే వార్డెన్ సార్ "గోడ గడియారం బ్యాటరీయా, టార్చిలైటు బ్యాటరీయా?" అని నవ్వారు. "ల్యాప్‌టాప్ బ్యాటరీ సార్" అన్నాం. "రెండు మూడు పేజీలు దాటొద్దు" అన్నారు. ప్రయత్నిస్తాం.

కాజీపల్లి దగ్గర మా హాస్టల్‌లో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా పదకొండు మందికీ కలిపి ఉన్నది ఒకటే ల్యాప్‌టాప్. పారిశ్రామిక వాడలోని ఒక కంపెనీ ఆఫీసులో పాతబడి మూలన పడేసినది. అక్కడ హెల్పర్‌గా పనిచేసే మాలో ఒకని నాయిన అడిగితే ఇచ్చారు. అది మాకంటే ముందు రెండు బ్యాచ్‌ల అన్నల చేతుల్లో నలిగింది. స్కాలర్‌షిప్‌కు ఈపాస్ దరఖాస్తు పెట్టాలన్నా, ఫలితాలు చూడాలన్నా, హాల్ టికెట్ తీసుకోవాలన్నా అదే దిక్కు. అన్నిటికంటే ముఖ్యం ఎంట్రన్స్ మాక్ టెస్టులు. ఎంసెట్ 2018 నుంచి కంప్యూటర్ మీదనే జరుగుతోంది. 2024 నుంచి పేరు ఈఏపీసెట్ అయింది గానీ ఇంజనీరింగ్ పరీక్ష మాత్రం అదే, మూడు గంటల్లో 160 ప్రశ్నలు. నగరంలో పిల్లలకు మౌస్ పట్టుకోవడం ఒక విషయమే కాదు. మాలో కొందరికి కాగితం మీద గబగబా చేసే లెక్క కూడా తెర మీద చూడగానే చేయి వణుకుతుంది. ఆ వణుకు పోవాలంటే మూడు గంటలు కదలకుండా కూర్చొని రాసిన టెస్టులు కొన్నయినా ఉండాలి.

ఇక్కడే బ్యాటరీ సంగతి వచ్చింది. కరెంటు మామూలు రోజుల్లో బాగానే ఉంటుంది. 2012, 2013 సంవత్సరాల్లో పవర్ హాలిడేలని కంపెనీలు వారంలో కొన్ని రోజులు మూసేస్తే కూలి లేక మా ఇళ్లలో పడ్డ తిప్పలు అమ్మానాన్నలు ఇప్పటికీ చెబుతారు. ఇప్పుడు అంత లేదు. అయితే గాలివాన వచ్చినా, ఎక్కడో ఒక ఫ్యూజు కొట్టేసినా గంటో రెండు గంటలో చీకటే. ఆ సమయంలో మా ల్యాప్‌టాప్ గంటా పది నిమిషాలకు మించి నడవడం లేదు. ఒకసారి తొంభై ఎనిమిదో ప్రశ్న దగ్గర, ఇంకా ముప్పై శాతం ఉందని చూపిస్తూనే ఠక్కున ఆరిపోయింది. రాస్తున్నవాడు లేచి ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లి పడుకున్నాడు.

ల్యాప్‌టాప్ పెట్టే స్టీలు బీరువా తలుపుకు లోపలి వైపు ఒక కాగితం అంటించి ఉంది. అన్నల చేతిరాత. "చార్జింగ్ సున్నా అయ్యాకే పెట్టవలెను. నూరు అయ్యాకే తీయవలెను. మధ్యలో పెట్టినచో బ్యాటరీ పాడగును." కింద రెండు గీతలు. ఈ కాగితం మీద మా గదిలో జరిగినంత చర్చ అసెంబ్లీలో కూడా జరిగి ఉండదు. "అన్నలు ఊకెనే రాస్తరా? తెల్సినోళ్లు గదా" అని సగం మంది. "మా అన్న ఫోను ఎప్పుడు చూసినా చార్జింగ్‌లనే ఉంటది, నాలుగేండ్ల సంది నడుస్తనే ఉంది" అని మిగతా సగం. సెల్ రిపేరు దుకాణంలో ఒకాయన "వారానికోసారన్నా పూర్తిగ దించాలె తమ్మి, లేకుంటే మొద్దువారతది" అన్నాడట. యూట్యూబ్‌లో ఒకరు ఔనంటే ఇంకొకరు కాదంటారు. చివరికి మేమే తెలుసుకుందామని కూర్చున్నాం. ఫిజిక్స్ సార్, కెమిస్ట్రీ సార్ ఇద్దరూ ఓపికగా చెప్పారు, వారికి కృతజ్ఞతలు.

ముందుగా ఆ కాగితం మీది మాట పుట్టడానికి కారణం ఉంది. అన్నలు దాన్ని కల్పించలేదు. ఒకప్పుడు చేతిలో పట్టుకునే సామాన్లలో నికెల్-కాడ్మియం బ్యాటరీలు వాడేవారు. వాటికి 'మెమరీ ఎఫెక్ట్' అనే జబ్బు ఉండేది. రోజూ సరిగ్గా ఒకే మట్టం దాకా దించి మళ్లీ నింపుతూ ఉంటే కొన్నాళ్లకు బ్యాటరీ ఆ మట్టం దగ్గరే చతికిలబడేది. దీన్ని మొదట గమనించింది ఉపగ్రహాల్లోనట. ఉపగ్రహం భూమి నీడలోకి వెళ్లి వచ్చిన ప్రతిసారీ బ్యాటరీ ఒకే లెక్కన దిగి, ఒకే లెక్కన ఎక్కేది. అటువంటి బ్యాటరీని అప్పుడప్పుడు పూర్తిగా దించితే మళ్లీ కోలుకునేది. తరువాత నికెల్-మెటల్ హైడ్రైడ్ వచ్చింది. 2000 సంవత్సరంలో విడుదలైన నోకియా 3310 ఫోనులో మొదట వచ్చింది ఆ రకమే, 900 మిల్లీ ఆంపియర్ అవర్‌ది. ఆ జబ్బు దానికీ కొంత ఉండేది. మా మేనమామల కాలంలో కొత్త ఫోను కొంటే దుకాణంవాళ్లు "మొదటిసారి రాత్రంతా చార్జింగ్ పెట్టండి, పూర్తిగా దిగాక మళ్లీ పెట్టండి" అని పంపేవారు. ఆ బ్యాటరీకి ఆ మాట సరైనదే. బ్యాటరీలు మారిపోయాయి, మాట మాత్రం అలాగే నిలిచిపోయింది.

మాలో ఇంకొకని నాయిన గడ్డపోతారం వైపు ఒక కంపెనీలో యూపీఎస్ గదిలో పనిచేస్తాడు. ఆదివారం చూడటానికి వచ్చినప్పుడు ఆయన్నూ అడిగాం. ఆ గదిలో ఉండేవి లెడ్ యాసిడ్ బ్యాటరీలు. "పూర్తిగ దించుడేంది బిడ్డా! అట్ల చేస్తే నా కొలువు పోతది" అన్నాడాయన. దించి అట్లాగే వదిలేస్తే ప్లేట్ల మీద తెల్లగా గట్టిపొర పడుతుందట, ఇక ఆ బ్యాటరీ లేవదట. కెమిస్ట్రీ సార్ దానికి పేరు చెప్పారు, లెడ్ సల్ఫేట్. ఈ బ్యాటరీని ఫ్రాన్సుకు చెందిన గాస్టన్ ప్లాంటే 1859లోనే తయారుచేశాడు. మా విద్యుత్ రసాయన శాస్త్రం పాఠంలో దాని సమీకరణాలు ఉన్నాయి. పరీక్ష కోసం బట్టీ పట్టాం గానీ, యూపీఎస్ గదిలో డిస్టిల్డ్ వాటర్ పోసే మనిషి బతుకు దాని మీద ఆధారపడి ఉందని మాకప్పటిదాకా తట్టలేదు. అప్పటికి తేలింది ఏమిటంటే ఒకదానికి దించడం మందు, ఇంకొకదానికి దించడం విషం. మరి మాది ఏ రకం?

బ్యాటరీ తీసి వెనక్కి తిప్పితే స్టిక్కర్ మీదే రాసి ఉంది, లిథియం అయాన్. 11.1 వోల్టులు, 4400 మిల్లీ ఆంపియర్ అవర్. అంటే 11.1ని 4.4తో గుణిస్తే దాదాపు 49 వాట్ అవర్లు. లోపల ఆరు సెల్లులు ఉంటాయి, ఒక్కొక్కటి మన టార్చిలైటు పెన్సిల్ సెల్లు కంటే కొంచెం లావు, 18 మిల్లీమీటర్ల అడ్డం, 65 మిల్లీమీటర్ల పొడవు. మూడు వరుసగా, అటువంటివి రెండు జతలుగా కలిపి ఉంటాయి. ఈ రకం బ్యాటరీని 1991లో మొదట అమ్మకానికి తెచ్చింది జపాన్‌కు చెందిన సోనీ. దీని వెనుక పరిశోధనకు గుడెనఫ్, విట్టింగ్‌హామ్, అకిరా యోషినో అనే ముగ్గురికి 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి గుడెనఫ్ గారి వయసు 97 సంవత్సరాలు! సప్లిమెంటరీ రాసే మిత్రులు ఈ సంగతి గమనించగలరు.

దీని పని తీరు మాకు అర్థమైనంతలో ఇది. ఒక పక్క రాగి రేకు మీద గ్రాఫైటు, ఇంకో పక్క అల్యూమినియం రేకు మీద కోబాల్టు ఆక్సైడు వంటిది పూసి ఉంటాయి. చార్జింగ్ పెడితే లిథియం అయాన్లు గ్రాఫైటులోకి పోయి కూర్చుంటాయి, వాడుతుంటే తిరిగి వస్తాయి. కంపెనీ బస్సులు షిఫ్టుకు మనుషుల్ని ఎక్కించుకుపోయి మళ్లీ ఊళ్లో దించినట్టు. పోయిన ప్రతిసారీ కొందరు తిరిగి రాకుండా అక్కడే చిక్కుకుంటారు. అందుకే బ్యాటరీ కెపాసిటీ ఎంత జాగ్రత్తగా వాడినా తగ్గుతూనే ఉంటుంది. ఎంత త్వరగా తగ్గుతుందన్నదే మన చేతిలో ఉంది.

నిండుగా ఉన్న సెల్లు 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది, దిగుతూ దిగుతూ 3 వోల్టుల చుట్టుపక్కలకు వస్తుంది. ఆ దగ్గర లోపలి సర్క్యూట్ ఆపేస్తుంది. తెర మీద మనం చూసే సున్నా అదే. అంటే అది అసలు సున్నా కాదు, అడుగున కొంత మిగిలే ఉంటుంది. ఈ బ్యాటరీలో మెమరీ ఎఫెక్ట్ భయం లేదు కాబట్టి సున్నా దాకా దించడం వల్ల ఒరిగేదేమీ లేదు. పైగా నష్టం ఉంది. నూరు నుంచి సున్నా దాకా వాడుతూ పోతే సుమారు 300 నుంచి 500 సార్లకు కెపాసిటీ ఐదు వంతుల్లో నాలుగు వంతులకు పడిపోతుందని తయారీదారులు సాధారణంగా చెప్పే లెక్క. అదే సగం దిగగానే పెట్టుకుంటూ ఉంటే అంతకు ఎన్నో రెట్లు ఎక్కువసార్లు వస్తుంది. సగం చొప్పున రెండుసార్లు వాడితే ఒక సైకిల్ కింద లెక్క, కాబట్టి "మాటిమాటికీ పెడితే సైకిళ్లు అయిపోతాయి" అన్న భయం కూడా అక్కర్లేదు.

అసలు ప్రమాదం సున్నా అయ్యాక వదిలేయడంలో ఉంది. వాడకపోయినా బ్యాటరీ కొద్దికొద్దిగా దిగుతుంది, లోపలి సర్క్యూట్ కూడా కొంచెం తింటుంది. అడుగున మిగిలింది కూడా అయిపోయి సెల్లు వోల్టేజి మరీ కిందికి జారితే ఆ రాగి రేకు కరగడం మొదలవుతుంది. తరువాత చార్జింగ్ పెడితే కరిగిన రాగి ఎక్కడ పడితే అక్కడ పేరుకొని లోపలే షార్ట్ అయ్యే అవకాశం ఉంది. అందుకే కొన్ని బ్యాటరీలు అంత కిందికి జారితే ఇక చార్జింగ్ తీసుకోకుండా తమంతట తామే తాళం వేసుకుంటాయి. అది మన మేలు కోసమే. అటువంటిదాన్ని "లేపుతాను" అని వైర్లు పెట్టి బలవంతంగా చార్జింగ్ ఎక్కించే మేస్త్రీలు ఉన్నారు, వాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి. లిథియం బ్యాటరీ వేడెక్కితే ఏమవుతుందో ప్రపంచం ఎప్పుడో చూసింది. 2006లో డెల్ కంపెనీ సోనీ సెల్లులున్న నలభై లక్షలకు పైగా ల్యాప్‌టాప్ బ్యాటరీలను వెనక్కి పిలిచింది. 2007 ఆగస్టులో నోకియా బీఎల్-5సీ బ్యాటరీలు 4 కోట్ల 60 లక్షలు వేడెక్కే అవకాశం ఉందని ప్రకటన వచ్చింది. ఆ రోజుల్లో ఊరూరా జనం ఫోన్లు వెనక్కి తిప్పి బ్యాటరీ మీద నంబర్లు చూసుకున్నారని మా ఇంట్లో పెద్దలు చెబుతారు.

మా ల్యాప్‌టాప్ విషయానికి వస్తే, ఆ బీరువా కాగితం ప్రకారం అది రెండేళ్లు రోజూ సున్నా దాకా దిగింది. ఎండాకాలం సెలవుల్లో, దిగి ఉన్నప్పుడే, రేకుల గదిలో స్టీలు బీరువాలో ఉంది. అన్నలను మేము తప్పు పట్టడం లేదు. వాళ్లు నియమం పెట్టుకొని మరీ పాటించారు, మా దృష్టిలో అది గొప్పే. ఎంత నష్టం జరిగిందో చూడటానికి ఒక మార్గం ఉంది. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లీషులో కలిపి కొడితే ఒక నివేదిక తయారవుతుంది. అందులో 'డిజైన్ కెపాసిటీ' అంటే పుట్టినప్పటి బలం, 'ఫుల్ చార్జ్ కెపాసిటీ' అంటే ఇప్పటి బలం. మాది పుట్టినప్పుడు 48,840 మిల్లీవాట్ అవర్లు, మేము చూసిన రోజు 17,100. నూటికి ముప్పై అయిదు. మా ల్యాప్‌టాప్ సుమారు 15 వాట్లు తాగుతుంది. 17.1ని 15తో భాగిస్తే 1.14 గంటలు. ఆ గంటా పది నిమిషాల గుట్టు ఒక్క భాగహారంతో బయటపడింది! అదే కొత్త బ్యాటరీ అయితే 48.8ని 15తో భాగిస్తే మూడుంపావు గంటలు. అంటే మాక్ టెస్టు మొత్తం అయిపోయి, కీ చూసుకోవడానికి పదిహేను నిమిషాలు మిగులుతుంది.

మరి ముప్పై శాతం చూపిస్తూ ఎందుకు ఆరిపోయింది? బ్యాటరీలో ఎంత మిగిలిందో చూపేది ఒక చిన్న లెక్కల చిప్పు. అది లోపలికి తొంగి చూడలేదు, ఎంత వచ్చింది ఎంత పోయింది అని కిరాణా కొట్టు ఖాతాలాగా రాసుకుంటుంది. బ్యాటరీ ముసలిదవుతుంటే ఖాతా తప్పుతుంది. అన్నల కాగితంలో ఒక్క పావు నిజం ఉన్నది ఇక్కడే. ఖాతా సరిచేయడానికి రెండు మూడు నెలలకు ఒకసారి పూర్తిగా నింపి, అది ఆగిపోయేదాకా దించి, వెంటనే మళ్లీ పూర్తిగా నింపాలి. దీన్ని క్యాలిబ్రేషన్ అంటారు. ఒక ఆదివారం మేమూ చేశాం. బలం తిరిగి రాలేదు, ముసలితనానికి మందు లేదు కదా. ముప్పై దగ్గర ఆరిపోవడం మాత్రం మానేసింది. ఉన్నది తక్కువే అయినా నిజం చెబుతోంది. దుకాణంలో "వారానికోసారి దించాలె" అన్నాయన ఇది చూసే అన్నాడేమో, చెప్పలేం.

సున్నా కంటే మాకు పెద్ద శత్రువు ఇంకొకటి ఉందని తరువాత తెలిసింది. వేడి. లిథియం బ్యాటరీని ఏడాది పాటు నూరు శాతం నింపి 25 డిగ్రీల దగ్గర ఉంచితే సుమారు అయిదో వంతు బలం పోతుందని, అదే 40 డిగ్రీల్లో అయితే మూడో వంతుకు పైగా పోతుందని బ్యాటరీల వాళ్లు చూపే పట్టికల్లో ఉంది. నలభై శాతం మాత్రమే నింపి ఉంచితే నష్టం బాగా తగ్గుతుంది. అందుకే కొత్త బ్యాటరీలు దుకాణానికి నిండుగా రావు. ఇప్పుడు మా గది సంగతి వినండి. కాజీపల్లి, గడ్డపోతారం, బొల్లారం వైపు ఉండేవాళ్లకు చెప్పనక్కర్లేదు. రాత్రి పొద్దుపోయాక ఏదో ఒక వైపు నుంచి ఘాటు వాసన మొదలవుతుంది. ఏ కంపెనీది అని అడిగితే ఎవరూ మాది అనరు. గొంతు మండుతుంది కాబట్టి కిటికీలు మూస్తాం. కిటికీలు మూస్తే రేకుల కింద పదకొండు మందిమి, ఒక ఫ్యాను, పరుపు మీద ల్యాప్‌టాప్. దాని గాలి రంధ్రాలు పరుపులో కూరుకుపోయి అడుగు భాగం పెనంలాగా కాలుతుంది. బ్యాటరీ ముసలిది కావడానికి సున్నా ఎంత కారణమో, మూసిన కిటికీ ఎంత కారణమో మేము తేల్చలేం. తెరిస్తే మా ఊపిరితిత్తులు, మూస్తే బ్యాటరీ. మేము ఊపిరితిత్తుల వైపే ఉన్నాం, ఇకముందూ ఉంటాం. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద నుంచి తీసి, రెండు ఇటుకల మీద పలక పెట్టి దాని మీదికి మార్చాం. అది చేయి కాలకుండా ఉండటానికి బాగా పనికి వచ్చింది.

సికింద్రాబాద్ సీటీసీ కాంప్లెక్సుకు ఇద్దరం వెళ్లి కొత్త బ్యాటరీ ధర కనుక్కున్నాం. పదకొండు మందిమి తలా కొంత వేసుకున్నాం. పండుగకు ఇంటికి పోయే బస్సు డబ్బుల్లోంచి కొందరు, బతుకమ్మ సెలవుల్లో ప్యాకింగ్ పనికి పోయి కొందరు. తక్కువ పడింది వార్డెన్ సార్ కలిపారు. చౌకగా దొరికిన ఒక బ్యాటరీ మీద కెపాసిటీ మరీ ఎక్కువగా రాసి ఉంటే తీసుకోలేదు. అదే సైజులో అవే ఆరు సెల్లులు ఉన్నప్పుడు అంత బలం ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే దుకాణం అబ్బాయి నవ్వి ఇంకొకటి తీసి చూపించాడు. ఇంటికి తెచ్చాక నివేదిక తీస్తే స్టిక్కర్‌కూ దానికీ పెద్ద తేడా లేదు.

ఇప్పుడు చిక్కు పాత బ్యాటరీతో వచ్చింది. లెడ్ బ్యాటరీ అయితే పాత సామాన్లవాళ్లు కిలో లెక్కన ఎగబడి కొంటారు. దీన్ని ఉచితంగా ఇస్తామన్నా "మాకద్దు" అన్నారు. "చెరువుల పారేస్తే అయిపాయె" అని మాలో ఒకడు అననే అన్నాడు. కాజీపల్లి చెరువు వైపు నుంచి వచ్చే ఇంకొకడు వాడి మీదికి లేచాడు. మాటలతోనే లెండి. మా తాతల కాలంలో ఆ చెరువు కింద వరి పండిందని, చేపలు పట్టారని వాడు చెప్పుకుంటూ పోయాడు. పటాన్‌చెరు-బొల్లారం ప్రాంతాన్ని 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 43 అతి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. అదే 2009లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఇక్కడి చెరువుల నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులు కనిపించాయని ప్రకటించారు. 2014లో ప్రత్యేకంగా కాజీపల్లి చెరువు మీదనే ఒక పరిశోధన వెలువడింది. మందులకు లొంగని బ్యాక్టీరియా జన్యువులు ఆ నీళ్లలో కుప్పలుగా ఉన్నాయని అందులో ఉంది. ఎక్కడో స్వీడన్‌లో మా ఊరి పేరు చదివారు, మేము మాత్రం పన్నెండో తరగతికి వచ్చాక విన్నాం. ఇంత భరించిన చెరువుకు మా వంతుగా కోబాల్టు కూడా ఎందుకు? చర్చ అక్కడితో ఆగింది.

కేంద్ర ప్రభుత్వం 2022 ఆగస్టులో బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు తెచ్చింది. లిథియం బ్యాటరీలతో సహా అన్ని రకాలకూ అవి వర్తిస్తాయి. వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారుచేసిన కంపెనీలదేనని అందులో ఉంది. చెత్తకుప్పలో పూడ్చడం, కాల్చడం కూడదు. బ్యాటరీ మీద అడ్డంగా కొట్టివేసిన చెత్తడబ్బా బొమ్మ ఉంటుంది చూడండి, దాని అర్థం అదే. ఫిజిక్స్ సార్ నగరానికి వెళ్లే రోజు ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇచ్చి వస్తానన్నారు. అప్పటిదాకా దాని పిన్నుల మీద ఇన్సులేషన్ టేపు చుట్టి, మట్టికుండలో ఇసుక పోసి అందులో పెట్టి, వరండాలో నీడపట్టున ఉంచాం. వంట అక్క రెండుసార్లు "ఏం పిల్లలురా, బ్యాటరీకి దినాలు చేస్తున్నరా?" అని అడిగింది.

బీరువా తలుపు మీద అన్నల కాగితం చింపలేదు. దాని కింద మా కాగితం అంటించాం. ఇరవై దగ్గర చార్జింగ్ పెట్టాలి. ఎనభై చాలు, మాక్ టెస్టు ముందు రోజు మాత్రం నూరు. సెలవులకు పోయేటప్పుడు సగం ఉంచి, బ్యాటరీ విడిగా తీసి, బీరువాలో కాదు, వార్డెన్ సార్ గదిలో కింది అరలో పెట్టాలి. నెలకోసారి చూసేందుకు సెలవుల్లోనూ ఇక్కడే ఉండే ఒకని పేరు రాశాం. రిపోర్టు అంకె ప్రతి నెలా ఒకటో తారీఖున పక్కన రాస్తున్నాం. మొదటి నెల 48,200, రెండో నెల 48,050, మూడో నెల 47,900. నాలుగో నెల గడి ఈ వ్యాసం ఇచ్చేనాటికి ఇంకా ఖాళీగా ఉంది, ఎందుకంటే ఈ రోజు ముప్పయ్యో తారీఖే.

పోయిన శనివారం రాత్రి గాలివానకు కరెంటు పోయింది. తొంభై ఎనిమిదో ప్రశ్న దగ్గర ఆగిపోయినవాడే ఆ రోజు కూడా కూర్చున్నాడు. మేమంతా చీకట్లో వాడి చుట్టూ చేరి తెర మీది మూల వైపే చూస్తున్నాం. "జర దూరం జరగుండ్రి, గాలాడతలేదు" అని కసిరాడు. నూట అరవయ్యో ప్రశ్న అయ్యేసరికి పదకొండు శాతం మిగిలింది. వాడికి వచ్చింది 71 మార్కులు. అది బ్యాటరీ తప్పు కాదు.